వైరస్ ఉన్నా జబ్బు పడని కోతులు: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో హెచ్‌ఐవీ మొదట కోతి జాతుల నుంచి మనిషికి వచ్చిందని ఒక్క వాక్యం రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేని మీదా రాలేదు. కొందరు భయపడ్డారు, కొందరు ఆసక్తితో అడిగారు, ఒకరిద్దరు కోప్పడ్డారు కూడా. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి దీనికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఊళ్ళో కోతుల బెడద చాలా ఎక్కువ. పది రోజుల క్రితం మా అబ్బాయిని చేతి మీద కోతి కరిచింది. మీరు రాసింది చదివాక నాకు నిద్ర పట్టడం లేదు. వాడికి ఎయిడ్స్ వస్తుందా? (ఒక తల్లి, ఖమ్మం జిల్లా)

రాదమ్మా. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. కోతుల్లో ఉండే ఈ రకం వైరస్‌ను ఎస్‌ఐవీ అంటారు. అది సహజంగా ఉండేది ఆఫ్రికా కోతుల్లో, అక్కడి చింపాంజీల్లో, గొరిల్లాల్లో. మన దేశపు అడవుల్లో, ఊళ్ళల్లో తిరిగే కోతుల్లో అది లేదు. నెత్తి మీద టోపీ పెట్టినట్టు జుట్టుండే మన దక్షిణాది కోతి కానీ, ఉత్తరం నుంచి మన వైపు దిగి వస్తున్న ఎర్రమూతి రీసస్ కోతి కానీ, కొండముచ్చు కానీ, ఏది కరిచినా ఆ భయం అక్కర్లేదు.

కానీ మీ ఉత్తరంలో ఇంజెక్షన్ల మాట ఎక్కడా లేదు, నాకు అసలు దిగులు అక్కడే. కోతి కాటుతో రేబిస్ రావచ్చు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని కాపాడే మందు లేదు. కరిచిన వెంటనే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో కనీసం పావుగంట కడగాలి, పసుపు, కారం, సున్నం లాంటివేవీ అద్దకూడదు, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల మందు) కూడా వేస్తారు. పది రోజులైంది కదా, ఇంకేం లాభం అనుకోవద్దు. ఇప్పటిదాకా వేయించకపోతే ఈ పత్రిక పక్కన పెట్టి ఈరోజే పిల్లవాణ్ణి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: ఆఫ్రికాలో కొన్ని కోతులకు ఈ వైరస్ సోకినా జబ్బు రాదని చదివాను. వాటి రోగనిరోధక శక్తి అంత బలమైనదా? పిల్లలకు చెప్పాలి, కొంచెం వివరంగా రాయండి. (జీవశాస్త్రం ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం)

మాస్టారూ, మీరు అనుకున్నట్టే నేనూ చాలాకాలం అనుకున్నాను. వాటి ఒంట్లోని కణాలు వైరస్‌ను చితక్కొట్టి మూలకు తోసేసి ఉంటాయని. అలా ఏం కాదు. పశ్చిమ ఆఫ్రికాలో ఉండే సూటీ మాంగబే అనే బూడిదరంగు కోతి రక్తం తీసి చూస్తే ఒక్క మిల్లీలీటరులో లక్షల్లో వైరస్ కనిపిస్తుంది, మందులు వాడని హెచ్‌ఐవీ రోగిలో ఎంత ఉంటుందో దాదాపు అంత. ఆఫ్రికన్ గ్రీన్ మంకీల్లో కూడా అంతే. అయినా అవి తింటాయి, తిరుగుతాయి, పిల్లల్ని కంటాయి, ముసలివై పోతాయి. ఎయిడ్స్ రావడం చాలా చాలా అరుదు.

అదే వైరస్ ఆసియా కోతికి, అంటే మన రీసస్‌కు ఎక్కితే కథ మారిపోతుంది. 1985లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న ఒక కోతుల పరిశోధన కేంద్రంలో జబ్బు పడిన రీసస్ కోతుల్లో ఈ వైరస్‌ను మొదటిసారి పట్టుకున్నారు. తర్వాత వెనక్కి తవ్వుకుంటూ పోతే తేలింది ఏమిటంటే, అంతకు ముందెప్పుడో కాలిఫోర్నియాలోని ఇంకో కేంద్రంలో మాంగబేల నుంచి రీసస్‌లకు ఎవరికీ తెలియకుండానే అది అంటుకుంది. ఆఫ్రికాలో మాంగబేకు ఏమీ చేయని వైరస్ ఆ కేంద్రాల్లో రీసస్‌ను ఒకటి రెండేళ్ళలోనే చంపేస్తోంది. వైరస్ అదే కాబట్టి తేడా ఎక్కడుందో కోతి ఒంట్లో వెతకాల్సి వచ్చింది, ముఖ్యంగా దాని రోగనిరోధక కణాలు ఎలా స్పందిస్తున్నాయన్న దాంట్లో.

పిల్లలకు ఇలా చెప్పి చూడండి. ఊళ్ళోకి దొంగ వచ్చాడని దండోరా వేస్తారు. ఒంట్లో ఆ దండోరా పని చేసేది ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం. వైరస్ రాగానే మాంగబేలోనూ, గ్రీన్ మంకీలోనూ, రీసస్‌లోనూ దండోరా గట్టిగానే మోగుతుంది, మొదటి రోజుల్లో తేడా పెద్దగా లేదు. తేడా తర్వాత వస్తుంది. మాంగబేలో, గ్రీన్ మంకీలో కొన్ని వారాలకే, వైరస్ ఇంకా లక్షల్లో ఉండగానే, దండోరా ఆగిపోతుంది. రీసస్‌లో ఆగదు. నెలలు, ఏళ్ళు అలా మోగుతూనే ఉంటుంది. ఊళ్ళో అందరూ కర్రలు పట్టుకుని రాత్రింబవళ్ళు వీధుల్లోనే ఉంటే పంటలు ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు నిలబడతారు? రీసస్ ఒంట్లో జరిగేది అదే, మందులు లేకపోతే మనిషి ఒంట్లో జరిగేదీ అదే. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ వైరస్‌కు ఇష్టమైన తిండి సీడీ4 కణాలు, అంటే రోగనిరోధక వ్యవస్థను నడిపించే ఒక రకం తెల్ల రక్తకణాలు, అందులోనూ నిద్రపోతున్నవి కాదు, మేలుకొని చురుగ్గా ఉన్నవి. దండోరా ఎంత మోగితే అన్ని సీడీ4 కణాలు మేలుకుంటాయి, వైరస్‌కు అంత మేత దొరుకుతుంది.

పేగు సంగతి కూడా తప్పకుండా చెప్పాలి, దాన్ని చాలామంది వదిలేస్తారు. మనం సీడీ4 కౌంట్ అంటే రక్తంలో చూస్తాం కానీ, సోకిన మొదటి రెండు మూడు వారాల్లో అసలు విధ్వంసం జరిగేది పేగు గోడలో. 1998లో రీసస్ కోతుల్లోనే దీన్ని మొదట స్పష్టంగా చూశారు. రక్తంలో కౌంట్ ఇంకా బాగానే ఉండగా పేగులో సీడీ4 కణాలు దాదాపు ఖాళీ అయిపోయాయి. 2005లో ఇంకో బృందం లెక్కేస్తే, సోకిన పదో రోజుకల్లా ఒంట్లోని జ్ఞాపక సీడీ4 కణాల్లో (పాత శత్రువులను గుర్తుపెట్టుకునే వాటిలో) 30 నుంచి 60 శాతం దాకా వైరస్ చేరిపోయి ఉంది. పేగు గోడలో కాపలా కణాలు పోయాక చెరువు గట్టుకు గండి పడ్డట్టు అవుతుంది, పేగులో ఉండాల్సిన బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారతాయి, వాటిని చూసి దండోరా ఇంకా గట్టిగా మోగుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే మాంగబేకు కూడా మొదట్లో పేగులో సీడీ4 కణాలు పోతాయి. కానీ గండి పడదు. గోడను కాపాడే ఒక ప్రత్యేక రకం సీడీ4 కణాలు దానిలో మిగిలే ఉంటాయి.

మాంగబే ఇంకొక జాగ్రత్త కూడా తీసుకుంది. వైరస్ కణంలోకి దూరాలంటే సీసీఆర్5 అనే తలుపు కావాలి. మాంగబే సీడీ4 కణాల మీద, అందులోనూ ఎక్కువ కాలం బతికి కొత్త కణాలను పుట్టించే విలువైన వాటి మీద, ఆ తలుపులు చాలా తక్కువ. అంటే వైరస్‌కు విత్తనాల గింజలు దక్కకుండా తాలు గింజలు మాత్రమే వదిలినట్టు. గ్రీన్ మంకీ ఇంకో దారి పట్టింది, దాని సీడీ4 కణాలు పెద్దవయ్యే కొద్దీ పైనున్న సీడీ4 అణువునే తీసేసుకుంటాయి, ఇక వైరస్ పట్టుకోవడానికి కొక్కెం ఉండదు.

ఇవన్నీ రాత్రికి రాత్రి వచ్చినవి కావు. ఆఫ్రికా పశ్చిమ తీరంలో బయోకో అనే దీవి ఉంది, దాదాపు పదివేల ఏళ్ళ క్రితం సముద్రమట్టం పెరిగి ప్రధాన భూభాగం నుంచి విడిపోయింది. ఆ దీవి కోతుల్లోని వైరస్‌నూ, ఇవతలి గట్టు కోతుల్లోని వైరస్‌నూ పోల్చి ఎస్‌ఐవీ వయసు కనీసం 32,000 ఏళ్ళు ఉంటుందని 2010లో లెక్కగట్టారు. హెచ్‌ఐవీ మనిషిలోకి వచ్చి నూరేళ్ళ పైచిలుకు మాత్రమే. వైరస్ చింపాంజీలోకి కూడా ఆలస్యంగానే వచ్చింది, అందుకే టాంజానియాలోని గోంబే అడవిలో వైరస్ సోకిన చింపాంజీలు సోకని వాటికంటే ఎక్కువగా చనిపోతున్నాయని 2009లో బయటపడింది. ఆ వార్త చదివిన రోజు నాకు చాలా బాధగా అనిపించింది. ఎందుకంటే చింపాంజీ ఈ వైరస్‌ను హాయిగా మోస్తుందని అప్పటిదాకా అందరం నమ్ముతూ వచ్చాం.

ప్రశ్న: సీడీ8 కణాలు వైరస్ సోకిన కణాలను చంపుతాయని పుస్తకంలో ఉంది. అది నిజంగా ఒంట్లో జరుగుతుందని ఎలా తెలిసింది? ఎవరైనా చూశారా? (ఇంటర్ బైపీసీ విద్యార్థిని, గుంటూరు)

చాలా మంచి ప్రశ్న తల్లీ. పుస్తకంలో ఉందని ఊరుకోకుండా ఎలా తెలిసిందని అడిగావు, ఆ అలవాటు వదలకు.

1999లో అమెరికాలో రెండు బృందాలు వేర్వేరుగా దాదాపు ఒకే పని చేశాయి. ఎస్‌ఐవీ సోకిన రీసస్ కోతులకు ఒక యాంటీబాడీ ఎక్కించి, ఒంట్లోని సీడీ8 కణాలను కొంతకాలం పాటు తీసేశారు. తీసేయగానే రక్తంలో వైరస్ ఒక్కసారిగా పెరిగింది. కొన్ని వారాలకు సీడీ8 కణాలు మళ్ళీ పుట్టుకొచ్చాయి, అవి రాగానే వైరస్ మళ్ళీ తగ్గింది. కాపలావాణ్ణి సెలవు మీద పంపి ఇల్లు ఏమవుతుందో చూసినట్టు. సోకిన మొదట్లోనే ఆ కణాలను ఎక్కువ రోజులు లేకుండా చేసిన కోతులు చాలా త్వరగా జబ్బుపడి చనిపోయాయి. ఈ పరీక్ష మనుషుల మీద చేయలేం, చేయకూడదు.

అయితే ఆ కాపలాను వైరస్ ఎలా తప్పించుకుంటుందో కూడా కోతుల్లోనే బాగా తెలిసింది. సీడీ8 కణం వైరస్‌ను మొత్తంగా చూడదు, దాని ప్రొటీన్‌లోని ఎనిమిది తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న ముక్కను చూసి గుర్తుపడుతుంది. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో, కోతుల సీడీ8 కణాలు టాట్ అనే ప్రొటీన్‌లోని ఒక ముక్కను గుర్తుపట్టి దాడి చేస్తే, కొన్ని వారాల్లోనే వైరస్ సరిగ్గా ఆ ముక్కనే మార్చేసుకుంది. దొంగ గడ్డం గీసుకుని మళ్ళీ అదే వీధిలోంచి వెళ్ళినట్టు.

వైరస్ ముక్కను కణం పైకి తెచ్చి చూపించే అణువులు ఒక్కో కోతిలో ఒక్కోలా ఉంటాయి. మనుషుల్లో వాటిని హెచ్‌ఎల్‌ఏ అంటారు, రీసస్‌లో మము అంటారు, మకాకా ములాటా అన్న శాస్త్రీయ నామంలోని మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. మము-బి08, మము-బి17 అనే రకాలున్న కోతుల్లో కొన్ని మందులేమీ లేకుండానే వైరస్‌ను చాలా తక్కువలో ఉంచుకుంటాయి. మనుషుల్లో హెచ్‌ఎల్‌ఏ-బి27, బి57 ఉన్నవాళ్ళలో కొందరు అచ్చం అలాగే ఉంటారు.

ఇంకొక్క మాట. ఏళ్ళ తరబడి పోరాడిన సీడీ8 కణాలు అలసిపోతాయి. వాటి మీద పీడీ-1 అనే బ్రేకు లాంటి అణువు పెరుగుతుంది. 2009లో అట్లాంటాలోని ఎమోరీ యూనివర్సిటీలో రామారావు అమర బృందం కోతుల్లో ఆ బ్రేకును యాంటీబాడీతో ఆపితే సీడీ8 కణాలు మళ్ళీ పని అందుకున్నాయి, వైరస్ తగ్గింది, కోతులు ఎక్కువ కాలం బతికాయి. ఇప్పుడు క్యాన్సర్ రోగులకు ఇస్తున్న ఇమ్యునోథెరపీ మందుల్లో కొన్ని ఆపేది కూడా ఈ పీడీ-1 బ్రేకునే.

ప్రశ్న: హెచ్‌ఐవీ టీకా కోతుల్లో పనిచేసిందని పేపర్లో వస్తుంది, తర్వాత చప్పుడు ఉండదు. నలభై ఏళ్ళుగా ఇదే తంతు. మమ్మల్ని మోసం చేస్తున్నారా? (విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం)

మోసం కాదండీ, కానీ మీ కోపంలో న్యాయం ఉంది. ఒక పెద్ద పొరపాటు జరిగింది, అది దాచాల్సిన అవసరం లేదు.

హెచ్‌ఐవీ నేరుగా రీసస్‌లో పెరగదు. దాని కణాల్లో ట్రిమ్5-ఆల్ఫా అనే ప్రొటీన్ హెచ్‌ఐవీని లోపలికి రాగానే అడ్డుకుంటుందని 2004లో కనుక్కున్నారు. అందుకని పరిశోధకులు ఎస్‌ఐవీకి హెచ్‌ఐవీ పైతొడుగు వేసి ఒక కలగలుపు వైరస్ తయారుచేసుకున్నారు. అందులో బాగా వాడిన ఒక రకం చూడ్డానికి భయంకరమైనది, రెండు మూడు వారాల్లో సీడీ4 కణాలను తుడిచేస్తుంది. కానీ టీకా వేస్తే తేలిగ్గా లొంగిపోతుంది. అసలైన ఎస్‌ఐవీ అంత తేలిగ్గా లొంగదు. ఆ కలగలుపు వైరస్ మీద వచ్చిన మంచి ఫలితాలు చూసి, సీడీ8 కణాలను పెంచే ఒక టీకాతో మనుషుల్లో పెద్ద పరీక్ష పెట్టారు, స్టెప్ అని దాని పేరు. 2007 సెప్టెంబరులో దాన్ని మధ్యలోనే ఆపేశారు. టీకా సోకడాన్ని ఆపలేదు, సోకినవాళ్ళలో వైరస్‌ను తగ్గించనూ లేదు. కొందరిలో టీకా వేసుకున్నవాళ్ళకే ఎక్కువగా సోకింది. నా ఉద్దేశంలో అక్కడ తప్పు కోతులది కాదు, తేలిక పరీక్షను నమ్ముకున్న మనుషులది.

ఆశ ఉన్న దారి కూడా ఒకటి చెబుతాను. అమెరికాలోని ఒరెగాన్‌లో లూయిస్ పికర్ అనే శాస్త్రవేత్త బృందం, సైటోమెగలో అనే మామూలు వైరస్‌లో ఎస్‌ఐవీ ముక్కలు పెట్టి రీసస్‌లకు టీకాగా ఇచ్చింది. సగానికి పైగా కోతుల్లో ఎస్‌ఐవీ సోకింది కానీ వెంటనే అణిగిపోయింది, నెలలు గడిచేసరికి ఎంత వెతికినా దొరకలేదు. ఇది 2011లో, 2013లో ప్రచురించారు. ఆ కోతుల్లో సీడీ8 కణాలు మామూలుగా చూసే ముక్కల్ని కాకుండా వేరే వాటిని, వేరే అణువుల ద్వారా చూస్తున్నాయని కూడా తేలింది. మిగతా కోతుల్లో మాత్రం ఏ ప్రయోజనమూ కనిపించలేదు. మనుషులకు పనికొచ్చే టీకాగా అది ఇంకా మారలేదు.

ప్రశ్న: నేను ఆంజనేయస్వామి భక్తుణ్ణి. కోతులకు కావాలని జబ్బు అంటించడం పాపం కాదా? మీరు దాని గురించి అంత ఉత్సాహంగా ఎలా రాస్తారు? (జగిత్యాల)

మీ మాట గుచ్చుకుంది, గుచ్చుకోవాల్సిందే. ఆ కోతుల్లో చాలా వాటి పూర్వీకులు మన దేశం నుంచి వెళ్ళినవే. 1950లలో పోలియో టీకా పనుల కోసం మన దగ్గర నుంచి రీసస్ కోతులను లక్షల సంఖ్యలో ఎగుమతి చేశారు. అమెరికా సైన్యం వాటిని రేడియేషన్ పరీక్షలకు వాడుతోందన్న సంగతి బయటపడ్డాక 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఎగుమతిని పూర్తిగా ఆపేసింది. అయినా అప్పటికే వెళ్ళిన వాటి సంతతి అక్కడి కేంద్రాల్లో పెరుగుతూనే ఉంది, పరిశోధన పత్రాల్లో ఈనాటికీ వాటిని భారతీయ రీసస్ అనే రాస్తారు. చైనా నుంచి వెళ్ళిన రీసస్‌లలో ఎస్‌ఐవీ జబ్బు నెమ్మదిగా ముదురుతుంది, మన వాటిలో వేగంగా ముదురుతుంది, అందుకే మనవాటినే ఎక్కువ కోరుకుంటారు. ఈ వాక్యం రాయడం నాకు కష్టంగానే ఉంది.

పాపమా కాదా అన్నది నేను తేల్చగలిగింది కాదండీ. నా మనసులో ఉన్నది చెబుతాను. ఆ పరీక్షల వల్ల ఈరోజు మన జిల్లాల్లో వేలమంది తల్లులు, తండ్రులు మందులు వేసుకుని పిల్లల్ని పెంచుకుంటున్నారు, దాన్ని నేను కాదనలేను. వేరే దారి లేనప్పుడే, తక్కువ కోతులతో, నొప్పి లేకుండా చేయాలని గట్టిగా నమ్ముతాను. పైన చెప్పిన కలగలుపు వైరస్ లాంటి పొరపాట్లకు బలైన కోతులను తలుచుకుంటే మాత్రం నాకు మీకున్నంత బాధా ఉంది.

ప్రశ్న: నేను ఏడేళ్ళుగా హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) పరీక్షలో కనిపించడం లేదు. ఆ ఆఫ్రికా కోతుల్లాగే నా ఒళ్ళు కూడా వైరస్‌తో సర్దుకుపోయి ఉండొచ్చు కదా, మందులు ఆపి చూడొచ్చా? (పేరు, ఊరు వద్దన్నారు)

ఆపొద్దు. దయచేసి ఒక్క రోజు కూడా ఆపొద్దు. మీ ఒళ్ళు సర్దుకుపోలేదండీ, మందు వైరస్‌ను పట్టి ఉంచింది.

2014లో ఒక అధ్యయనంలో రీసస్ కోతులకు ఎస్‌ఐవీ సోకిన మూడో రోజునే, రక్తంలో వైరస్ ఇంకా కనిపించకముందే, మందులు మొదలుపెట్టి ఆరు నెలలు ఇచ్చి ఆపారు. ఒక్కటి తప్పకుండా అన్నిటిలోనూ వైరస్ తిరిగి వచ్చింది. మూడు రోజుల్లోనే అది దాక్కునే చోట్లు చూసుకుంది. అలాంటి చోట్లలో ఒకటి మనం బిళ్ళలు కట్టాయంటామే, ఆ లింఫ్ గ్రంథుల లోపల ఫాలికిల్ అనే చిన్న గదులు. అక్కడ సీడీ4 కణాలు ఉంటాయి, వాటిలో వైరస్ ఉంటుంది, కానీ సీడీ8 కణాలు చాలా తక్కువగా లోపలికి వెళ్తాయి. గ్రీన్ మంకీల్లో మాత్రం సహజ హంతక కణాలనే వేరే కణాలు ఆ గదుల్లోకి వెళ్ళి వైరస్‌ను ఊడ్చేస్తాయని 2017లో బయటపడింది. మన గదుల్లోకి అవి అలా వెళ్ళవు.

మీ మందు సీసా మీద చూడండి. ఎక్కువమందికి ఇస్తున్నట్టు మూడు మందులు కలిపిన టీఎల్‌డీ మాత్రే మీదీ అయితే అందులో ఒక మందు పేరు టెనోఫోవిర్. 1995లో అదే మందును కోతులకు ఎస్‌ఐవీ ఎక్కించడానికి ముందు కొన్నింటికి, ఎక్కించిన 24 గంటల లోపు కొన్నింటికి ఇచ్చి చూశారు. నాలుగు వారాలు ఇచ్చిన వాటిలో ఒక్కదానికీ వైరస్ సోకలేదు, ఇవ్వని వాటన్నిటికీ సోకింది. తర్వాతి పరీక్షల్లో మొదలుపెట్టడం ఆలస్యమైనా, రోజులు తగ్గించినా రక్షణ తగ్గిపోయింది. ఈరోజు ఆసుపత్రిలో సూది గుచ్చుకున్న నర్సుకు 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు మందులు ఇస్తున్నారంటే ఆ లెక్క వెనక ఈ కోతులు కూడా ఉన్నాయి.

వైరల్ లోడ్ కనిపించనంత కాలం, మందులు వేసుకుంటున్నంత కాలం, మీ నుంచి మీ జీవిత భాగస్వామికి కలయిక ద్వారా సోకదు. మందులతో ఇబ్బందేమైనా ఉండి ఆపాలనిపించిందా? అలా అయితే ఆ సంగతి మీ సెంటర్‌లో డాక్టరుకో, కౌన్సెలర్‌కో చెప్పండి, మందు మార్చే వీలుంటుంది. డబ్బా అయిపోయేదాకా ఆగకుండా నాలుగు రోజుల ముందే వెళ్ళి తెచ్చుకోండి.